నరకలోక వసతి: బస చేయకుండానే రాసిన సమీక్ష

సంస్కృత భాగవతం పంచమ స్కంధం, 26వ అధ్యాయం ఈ వసతిలోని 28 విభాగాలను పేర్లతో సహా వర్ణిస్తుంది గనుక, స్వయంగా వెళ్లవలసిన అగత్యం లేకుండానే దీనిని సమీక్షించే వీలు కలిగింది. చిరునామా స్పష్టంగానే ఉంది: దక్షిణ దిక్కున, భూమికి దిగువన, జలాలకు ఎగువన.

అన్నింటిలోనూ నన్ను ఆకట్టుకున్నది కాలసూత్రం. 10,000 యోజనాల చుట్టుకొలత గల రాగి నేలను కింద నిప్పు, పైన సూర్యుడు కాలుస్తూ ఉంటారు; అట్టు తిరగవేసే శ్రమ కూడా లేని ఏర్పాటు. యోజనాన్ని సుమారు 13 కిలోమీటర్లుగా లెక్కిస్తే ఈ పెనం చుట్టుకొలత 1,30,000 కిలోమీటర్లు అవుతుంది. మన భూగోళం చుట్టుకొలత 40,000 కిలోమీటర్లే కాబట్టి ఇది దాని కింద ఎలా ఇమిడిందో యాజమాన్యమే చెప్పాలి. (పురాణాల భూమండలం 50 కోట్ల యోజనాలు గనుక వారు సులభంగానే తప్పించుకోగలరు.) రాగి 1,085 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది, నేల ఇంకా నేలగానే ఉన్నదంటే వేడి అంతకు లోపే ఉండాలి, అయితే రెంటచింతల వేసవికి ఆరితేరినవారికి సైతం అది ఊరట కాదు. పశువు ఒంటిపై ఎన్ని రోమాలుంటే అన్ని వేల ఏళ్లు బస చేయాలన్న నిబంధన మాత్రం మరీ దారుణం.

కుంభీపాకంలో సలసల కాగే నూనె ఉంటుంది. వంటనూనె మరగకముందే పొగలు చిమ్మి చెడిపోతుంది కాబట్టి, దానిని తరచుగా మారుస్తున్నారా, లేక బజ్జీల బండి పద్ధతిలో పాతదానినే కాస్తున్నారా అన్నది తేలలేదు. ఐదింటికి ఒకటిన్నర నక్షత్రాలు. అవి కూడా రాగి నేల నాణ్యతకే.