ఉద్యోగమా, పరిచర్యా, క్రీస్తా: "నేనెవరు?" అంటే ఏ జవాబు నిలుస్తుంది?

ఆదివారం ఆరాధనలో సాక్ష్యాల సమయానికి ఎవరు లేస్తారో ఒకసారి గమనించండి. ఉద్యోగం వచ్చినవాళ్లు, ప్రమోషన్ వచ్చినవాళ్లు, వీసా స్టాంపింగ్ అయినవాళ్లు. ఉద్యోగం పోయిన తమ్ముడు వెనక వరసలో కూర్చుని, ఆశీర్వాదం కాగానే ఎవరి కంటా పడకుండా చెప్పులేసుకుని వెళ్లిపోతాడు. మనిషి విలువ అతని ఉద్యోగాన్ని బట్టే అని మన సంఘాలు కూడా లోలోపల ఒప్పేసుకున్నాయి. అది నన్ను బాధపెడుతోంది.

అలాగని ఉద్యోగాన్ని తీసిపారేయలేం. డోర్నకల్, మెదక్ వైపు మిషన్ బడుల్లో చదువుకున్న దళిత కుటుంబాల్లో ఇంటికి మొదటి టీచరు ఉద్యోగమో నర్సు ఉద్యోగమో వస్తే, అది జీతంతో ఆగిపోయే సంగతి కాదు. కులం పేరు పెట్టి పిలిచిన నోళ్లే "టీచరమ్మ గారూ" అనాల్సి వచ్చింది. అలాంటి ఇంట్లో పుట్టినవాళ్లకు "ఉద్యోగంలో ఏముంది, అంతా వ్యర్థం" అని ప్రసంగించడం నాకు అన్యాయంగా తోస్తుంది.

కానీ ఆ గౌరవం ఇంకొకరి చేతిలో ఉంటుంది. అమెరికాలో హెచ్1బి అనే ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్లకు ఉద్యోగం పోతే, ఇంకోటి వెతుక్కోవడానికి మామూలుగా దొరికే గడువు ఎక్కువలో ఎక్కువ 60 రోజులు. ఆ రోజుల్లో పోయింది జీతమే అయితే మనిషి ఎలాగో తట్టుకుంటాడు. ఉద్యోగమే తాను అనుకున్నవాడు మాత్రం ఊళ్లో ఉన్న అమ్మకు ఫోన్ చేయడానికే జంకుతాడు.

ఇక్కడే చాలామంది విశ్వాసులు రెండో దారి, అంటే పరిచర్య దారి పడతారు. ఆఫీసు హోదా బదులు సంఘంలో హోదా: క్వయర్ లీడర్, యూత్ సెక్రటరీ, సంఘ పెద్ద. చూడ్డానికి భక్తిగానే ఉంటుంది. కానీ మైకు వేరేవాళ్ల చేతికి ఇచ్చిన ఆదివారం ఇంటికొచ్చి అన్నం ముట్టకపోతే, అది మరో పేరుతో కెరీరే. నా దృష్టిలో మొదటిదానికన్నా ఇదే ప్రమాదం, ఎందుకంటే బయటపడదు. లూకా 10వ అధ్యాయంలో డెబ్బదిమంది శిష్యులు పరిచర్య బాగా జరిగిందని సంబరంగా తిరిగొస్తే, దయ్యాలు లోబడినందుకు కాదు, మీ పేర్లు పరలోకంలో రాసి ఉన్నందుకు సంతోషించండి అన్నాడు యేసు. పరిచర్య ఫలించిన రోజునే ఆ మాట చెప్పాడు.

మూడోది క్రీస్తులో దొరికే గుర్తింపు. మత్తయి 3లో యేసు బాప్తిస్మం చూడండి. అప్పటికి ఆయన ఒక్క ప్రసంగం చేసినట్టు గానీ, ఒక్క రోగిని బాగుచేసినట్టు గానీ మత్తయి రాయలేదు. అయినా తండ్రి ఆయన్ని ప్రియ కుమారుడని పిలిచాడు. పని మొదలవకముందే పేరు దక్కింది. పౌలు ఫిలిప్పీ 3లో తన వంశం, చదువు, నిష్ఠ అన్నీ వరసగా చెప్పి, క్రీస్తు ముందు అవన్నీ నష్టమే అంటాడు. అయినా కొరింథులో అకుల, ప్రిస్కిల్ల దంపతులతో కలిసి డేరాలు కుట్టడం మానలేదు. పని చేశాడు, పేరు మాత్రం దాన్నుంచి తెచ్చుకోలేదు.

దీన్ని బతికి చూపించిన మనిషి స్కాట్లాండ్ పరుగుల వీరుడు ఎరిక్ లిడెల్. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో 100 మీటర్ల హీట్స్ ఆదివారం పడ్డాయని ఆ పోటీ వదులుకున్నాడు. 400 మీటర్లలో 47.6 సెకన్లతో స్వర్ణం గెలిచాడు. మరుసటి ఏడాదే మిషనరీగా చైనా వెళ్లాడు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో జపాన్‌వాళ్లు అతన్ని అక్కడి వెయ్‌షియన్ శిబిరంలో నిర్బంధించారు. అక్కడ ఆ పతకంతో ఏం పని? పిల్లలకు పాఠాలు చెప్పాడు, ఆటలు ఆడించాడు, అరిగిపోయిన తన పరుగు బూట్లను ఒక కుర్రాడికి ఇచ్చేశాడు. 1945 ఫిబ్రవరిలో, 43 ఏళ్లకే, ఆ శిబిరంలోనే కన్నుమూశాడు.

కాబట్టి నా ఓటు మూడోదానికే. ఈఎంఐ కట్టేది విశ్వాసం కాదు, జీతమే, నిజమే. అందుకే ఉద్యోగం పోయినవాడితో "దేవుడున్నాడుగా, టెన్షన్ ఎందుకు" అని తేల్చేయకండి. రెజ్యూమే నలుగురికి పంపండి, ఇంట్లో బియ్యం ఉన్నాయో లేవో కనుక్కోండి. వచ్చే ఆదివారం వాక్యం చదవమని అతన్నే అడగండి, ఉద్యోగం దొరికేదాకా ఆగకుండా.