జావోజౌ వంతెన: సగం చక్రం కమానా, చదును కమానా?

ఈ వంతెన మాట వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు అడుగుతారు: కమాను ఎంత గుండ్రంగా ఉంటే అంత గట్టి కదా, మరి చదునుది 1400 ఏళ్లు ఎలా నిలిచింది? చైనాలోని హెబేయిలో, సుయి రాజుల కాలంలో, 605 ప్రాంతంలో లీ చున్ అనే మేస్త్రి కట్టించిన ఈ వంతెన స్పాన్, అంటే కమాను ఒక కాలి నుంచి మరో కాలికి దూరం, 37 మీటర్లు. కమాను ఎత్తు 7.2 మీటర్లే.

అదే స్పాన్‌కు సగం చక్రం వేస్తే ఎత్తు 18.5 మీటర్లు. బరువు బండి ఎక్కడమే గగనం, ఎక్కినా దిగేటప్పుడు ఎద్దుల మీదికి తోసుకొస్తుంది. నదిలో స్తంభాలు లేపి చిన్న కమాన్లు వేయొచ్చు. బీజింగ్ దగ్గరి లూగౌ వంతెనకు అలాంటివి 11. కానీ వరద దెబ్బంతా స్తంభాలకే.

నా లెక్కలో తేల్చేది పక్కతోపు. బరువూ స్పానూ అవే అయితే, 18.5 నుంచి 7.2కు దిగేసరికి గట్టును వెనక్కి తోసే బలం రెండున్నర రెట్లవుతుంది. గట్టు కాస్త జరిగినా కమాను నడినెత్తి దిగి, అక్కడ అడుగున రాళ్ల మధ్య కీళ్లు విచ్చుకుంటాయి. అందుకే రెండు భుజాల మీదా రాయీ మట్టీ నింపకుండా రెండేసి చిన్న కమాన్లు పెట్టారు. బరువు తగ్గితే తోపు తగ్గుతుంది, పైగా వరదకు దారి. ఇక పునాది అంటారా, 5 వరసల రాయి, మందం సుమారు 1.5 మీటర్లు, అంతే. కింద గట్టి సహజ నేల. ఇన్నేళ్లలో కుంగింది దాదాపు 5 సెంటీమీటర్లు. అదే మెత్తటి ఒండ్రు నేలైతే నేనూ సగం చక్రమే అంటాను.

అసలు బలహీనత మరోచోట ఉంది. ఈ కమాను వరసల రాళ్లు ఒకదాన్నొకటి పట్టుకునేలా పెనవేసి కట్టింది కాదు, పక్కపక్కన నిలిపిన 28 విడి వరసలు. ఒక వరస ముగిశాక అదే చెక్క సెంట్రింగ్‌ను పక్కకు జరుపుకోవచ్చు. చిక్కల్లా అంచు వరసలు బయటికి ఒరగడమే. దానికని నడిమధ్య వెడల్పు కొంచెం తగ్గించి వరసల్ని లోపలికి వాల్చారు, రాళ్లను ఇనుప పట్టీలతో బిగించారు, అడ్డంగా కడ్డీలు దూర్చారు. అయినా తర్వాతి శతాబ్దాల్లో పడమట 5, తూర్పున 3 వరసలు కూలాయి. పెనవేసిన కమానైతే పగులు లోపలికి పాకేది. ఇక్కడ నడుమ ఉన్న 20 వరసలూ నిలబడ్డాయి, కూలినవాటినే మళ్లీ కట్టుకున్నారు.