ఎస్టీమ్‌ను ట్రాక్ ఎక్కిస్తే: కొన్నేళ్లు వాడాక నా సమీక్ష

మారుతి ఎస్టీమ్ 1994లో వచ్చి 2007లో ఆగిపోయింది. నాది ఎంపీఎఫ్ఐ మోడల్ (కార్బురేటర్ బదులు ఇంజెక్టర్లతో పెట్రోల్ అందించేది): 1.3 లీటర్ల ఇంజిన్, 85 హార్స్‌పవర్, 900 కిలోల లోపు బరువు. మన దేశంలో ఏళ్ల తరబడి రేసులకు ఈ కారు వాడారంటే ఆ తక్కువ బరువు వల్లే.

2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ (ఎలక్ట్రిక్ కార్ల రేసు) చూసి ఊగిపోయాం గానీ, నేను కారు తోలేది చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌లో. హైదరాబాద్ నుంచి 600 కిలోమీటర్ల పైమాటే. ట్రక్కు మీద కాదు, అదే కారు తోలుకుంటూ వెళ్లి, అక్కడ ల్యాపులు కొట్టి, అదే కారులో తిరిగి రావాలి. సోమవారం మళ్లీ అమీర్‌పేట ట్రాఫిక్ ఉండనే ఉంది. వేయించిన ప్రతి పార్టునూ నేను ఈ లెక్కలోనే చూస్తాను.

ముందుగా బ్రేకులు. రోడ్డు మీద బాగానే పట్టే బ్రేకులు ట్రాక్ మీద నాలుగైదు ల్యాపులకే చేతులెత్తేస్తాయి. ఇందులో రెండు రకాలున్నాయి. పెడల్ గట్టిగానే ఉండి కారు ఆగకపోతే ప్యాడ్లు వేడెక్కి పట్టు వదిలేశాయని అర్థం. పెడల్ మెత్తబడి కిందికి దిగిపోతే బ్రేక్ ఆయిల్ మరిగి లోపల ఆవిరి బుడగలు చేరాయని. రెండోది ఎక్కువ భయపెడుతుంది. బ్రేక్ ఆయిల్‌లో డాట్ 3, డాట్ 4 అని రకాలుంటాయి. ప్రమాణాల ప్రకారం కొత్త డాట్ 3 ఆయిల్ కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు, డాట్ 4 అయితే 230 దాకా. కానీ ఈ ఆయిల్ గాల్లో తేమను పీల్చుకుంటుంది. తేమ పట్టాక ఆ అంకెలు 140కి, 155కి పడిపోతాయి. అందుకే మన వానాకాలం గడిచాక పాత ఆయిల్‌తో నేను ట్రాక్ ఎక్కను. కారు మొత్తం మీద అన్నిటికంటే తక్కువ ఖర్చుతో ఎక్కువ ధైర్యం ఇచ్చింది ఈ డబ్బా ఆయిలే.

ముందు డిస్కులు పాత బలెనోవి వేయించాను (1999లో వచ్చిన సెడాన్‌వి, ఇప్పటి హ్యాచ్‌బ్యాక్‌వి కావు). రాణీగంజ్‌లో హబ్‌తో సహా సెట్టుగా తెచ్చి, ఏది పడుతుందో పెట్టి చూసుకుంటూ బిగించాడు మా మెకానిక్ ఉస్తాద్. డిస్కు పెద్దదైతే వేడి తట్టుకునే లోహం ఎక్కువ, అంతే తేడా. 14 అంగుళాల రిమ్ములకు మారాను కాబట్టి ప్యాడ్లను డిస్కుకు నొక్కే కాలిపర్ రిమ్ముకు తగలడం లేదు. 175/70 ఆర్13 టైరుకూ 185/60 ఆర్14కూ వ్యాసంలో తేడా మూడు మిల్లీమీటర్లు కూడా ఉండదు, స్పీడోమీటర్‌తో పేచీ లేదు. వెనక డ్రమ్ములు అలాగే ఉంచాను. ఒక్క జాగ్రత్త: ల్యాపులు కొట్టి వచ్చాక హ్యాండ్ బ్రేక్ లాగొద్దు, కాలిన డ్రమ్ము చల్లారుతూ షూలను పట్టేస్తుంది. గేర్‌లో వేసి చక్రం కింద రాయి పెట్టండి.

సస్పెన్షన్ సంగతికొస్తే, పాత కారుకు సగం రోగం బుష్షుల్లోనే (సస్పెన్షన్ కీళ్ల దగ్గర ఉండే రబ్బరు తొడుగులు). గట్టి స్ప్రింగులు కొనేముందు కొత్త రబ్బరు బుష్షులు, కొత్త షాక్ అబ్జార్బర్లు వేసి చూడండి, అదే వేరే కారులా ఉంటుంది. నేను ఆ పైన రబ్బరు కంటే గట్టిగా ఉండే పాలీయూరిథేన్ బుష్షులు కూడా వేయించాను. స్టీరింగ్ తిప్పగానే ముక్కు తిరుగుతుంది, నిజమే. గ్రీజు ఆరితే మాత్రం ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా కిర్రుమంటుంది, పక్కన కూర్చున్న మా ఆవిడ అప్పుడే ఫోన్ తీసి క్యాబ్ రేట్లు చూస్తుంది. ఎత్తు పెద్దగా తగ్గించలేదు, మన కాలనీల్లో వేసే దిబ్బలకు సంప్ (ఇంజిన్ అడుగున ఉండే ఆయిల్ తొట్టి) తగులుతుంది. ముందు చక్రాలకు ఒకటిన్నర డిగ్రీల నెగటివ్ కాంబర్ (చక్రం పైభాగం లోపలికి వంగేలా) ఇవ్వడం ట్రాక్ మీద బాగా పనికొచ్చింది. టైరు లోపలి అంచు త్వరగా అరగడం దానికి కట్టే మూల్యం.

ఇంజిన్ జోలికి పోలేదు. "బలెనోది 1.6 దొరుకుతది సార్, ఏసేద్దాం" అని ఉస్తాద్ ఇప్పటికీ అంటుంటాడు. బండిలో మార్పులను కట్టడి చేసే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఉంది, ఆర్‌సీలో ఇంజిన్ నంబర్ ఉంది, ఇన్సూరెన్స్ ఉంది. ఆ తలనొప్పి నాకొద్దు. దాని బదులు సంప్ లోపల అడ్డుపలకలు వెల్డింగ్ చేయించాను. పొడవాటి మలుపులో ఆయిలంతా ఒక పక్కకు పోయి పంపు గాలి పీల్చకుండా ఇవి ఆపుతాయి. ఆ మలుపుల్లో మిణుకుమనే ఆయిల్ లైటు ఇప్పుడు వెలగడం లేదు. ఇంజిన్‌ను బాడీకి బిగించే మౌంటింగులు గట్టివి వేయించాక గేర్లు ఖచ్చితంగా పడుతున్నాయి గానీ సిగ్నల్ దగ్గర డాష్‌బోర్డు అంతా వణుకుతుంది. రోజూ వాడే కారుకైతే నేను వద్దనే చెబుతాను.

లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ (ఒక చక్రం పట్టు తప్పినా రెండో చక్రానికి బలం అందించే గేర్ల భాగం) ఒక్కటీ మిగిలింది. నెమ్మది మలుపుల్లోంచి బయటికొస్తూ యాక్సిలరేటర్ తొక్కితే లోపలి చక్రం ఉత్తినే గిర్రున తిరుగుతుంది, అది వేస్తే ఆగుతుంది. కానీ బయటి దేశం నుంచి తెప్పించాలి. ఆ డబ్బుకు టైర్లూ, చెన్నై దాకా పెట్రోలూ వస్తాయి కాబట్టి ప్రస్తుతానికి కొనడం లేదు.