టెక్సాస్‌లో డెంటన్ నుంచి మార్ఫా దాకా చిన్న సెస్నా విమానంలో: ఎక్కడ ఆగాలి, ఎక్కడ ఆగకూడదు

యాభై నిమిషాలు విమానం ఆపినందుకు 130 డాలర్లు కట్టాను. ఫ్యూయల్ డబ్బులు వేరే. ఆ బిల్లు ఇంకా నా ఫ్లయిట్ బ్యాగులోనే ఉంది. చూసినప్పుడల్లా ఒళ్ళు మండుతోంది, డబ్బు పోయినందుకు కాదు, మా నాన్న ముందు జరిగినందుకు. ఆ సంగతికి వస్తాను కానీ ముందు మొదటి నుంచి చెప్పాలి, ఎందుకంటే మిగతా ట్రిప్పంతా చాలా బాగా జరిగింది, అది కూడా చెప్పకపోతే అన్యాయం.

2025 అక్టోబర్, దీపావళికి ముందు వారం. నాన్న గుంటూరు నుంచి వచ్చి నెలన్నర అయింది. ఆయన పాతికేళ్ళకు పైగా ఆర్టీసీలో డ్రైవర్. ఇక్కడ ఇంట్లో కూర్చోలేక పొద్దున్నే లేచి వీధి చివరిదాకా నాలుగుసార్లు నడిచి వస్తున్నారు. నాకు పైలట్ లైసెన్సు వచ్చి మూడేళ్ళయినా ఆయన్ని ఎక్కించుకున్నది లేదు. మా బామ్మర్ది కూడా వస్తానన్నాడు. గురువారం బయల్దేరి ఆదివారానికి తిరిగి రావాలి, సోమవారం పండగ, లేట్ అయితే ఇంట్లో మా ఆవిడకి ముఖం చూపించలేం.

మా ఫ్లయింగ్ క్లబ్బు విమానం సెస్నా 172ఎస్. ఫ్యూయల్‌తో కలిపి గంటకు 185 డాలర్లు, రోజుకు సగటున కనీసం రెండు గంటలైనా ఎగరాలి. నాలుగు సీట్లున్నాయి కదా అని నలుగురు ఎక్కి, ట్యాంకులు నింపుకుని వెళ్ళే విమానం కాదిది. దీని మీద మనుషులు, సామాను, ఫ్యూయల్ అన్నీ కలిపి 872 పౌండ్లకు మించకూడదు. ముగ్గురం కలిపి 518, సామాను 60, ట్యాంకులు పూర్తిగా నింపితే 318. కూడితే 24 పౌండ్లు ఎక్కువ. అందుకే 45 గాలన్లే పోయించాను, సామాను మనిషికి తొమ్మిది కిలోలు దాటనివ్వలేదు. బామ్మర్ది సూట్‌కేసు తెచ్చాడు, పార్కింగులోనే విప్పించి మెత్తని బ్యాగులోకి మార్పించాను. కాసేపు ముఖం మాడ్చుకున్నాడు.

ఈ 172ఎస్‌కి ఫ్యూయల్‌లో నీళ్ళు, నలకలు ఉన్నాయేమో చూడటానికి పదమూడు చోట్ల కింద నుంచి కాస్త కాస్త తీసి చూడాలి. నాన్న వెంటే తిరిగారు. మొదటి రెండు నేను తీశాను, మూడోది ఆయన చేయి చాచి అడిగి తీసుకున్నారు. గాజు గొట్టంలో లేత నీలం రంగు ఫ్యూయల్, దాన్ని ఆకాశం కేసి ఎత్తి, ఒక కన్ను మూసి చాలాసేపు చూశారు. వాసన చూశారు. తర్వాత వంగి మూడు టైర్లనీ వేలి కణుపులతో కొట్టి చూసి, ఆయిల్ డిప్‌స్టిక్ నేను తీస్తుంటే "తుడిచి మళ్ళీ పెట్టి చూడరా, మొదటిసారిది నమ్మకూడదు" అన్నారు. నిజమే, మా ఇన్‌స్ట్రక్టర్ కూడా అదే చెప్పేవాడు.

డెంటన్ నుంచి ఫ్రెడరిక్స్‌బర్గ్ సుమారు 200 నాటికల్ మైళ్ళు, అంటే 370 కిలోమీటర్లు. డాలస్ చుట్టూ పెద్ద విమానాలు తిరిగే ఎయిర్‌స్పేస్‌ని పడమర వైపు నుంచి తప్పించుకుని 6,500 అడుగుల్లో వెళ్ళాం, 1.9 గంటలు. దారి పొడుగునా కంట్రోలర్లు రాడార్‌లో మమ్మల్ని గమనిస్తూ, పక్కన ఏ విమానం ఉన్నా చెబుతూ వచ్చారు. దీనికి మాలాంటి చిన్న విమానాల దగ్గర పైసా తీసుకోరు. ఆ వారం అమెరికాలో నిధులు మంజూరు కాక గవర్నమెంట్ షట్‌డౌన్ నడుస్తోంది, వాళ్ళకి పూర్తి జీతం కూడా రావడం లేదు. అయినా ఒక్కరి గొంతులో విసుగు లేదు. ఒకాయన మమ్మల్ని వేరే ఫ్రీక్వెన్సీకి మారుస్తూ మంచి ప్రయాణం అని చెప్పి మరీ పంపాడు. నేను నాన్నకి ఆ సంగతి చెబితే, "జీతం లేకుండానా?" అని రెండుసార్లు అడిగారు.

ఫ్రెడరిక్స్‌బర్గ్‌లో హ్యాంగర్ హోటల్‌లో దిగాం. నా మాట నమ్మండి, టెక్సాస్‌లో చిన్న విమానం నడిపేవాళ్ళు ఒక్కసారైనా ఇక్కడ ఉండాలి. రెండో ప్రపంచ యుద్ధం నాటి హ్యాంగర్‌లా, అంటే విమానాల షెడ్డులా కట్టిన హోటల్, విమానాలు నిలిపే ర్యాంపుకి ఆనుకునే ఉంటుంది. విమానం తాళ్ళతో కట్టేసి, బ్యాగు భుజాన వేసుకుని నడుచుకుంటూ వెళ్ళి గదిలో పడుకోవచ్చు. టాక్సీ అక్కర్లేదు, అద్దె కారు అక్కర్లేదు. గది నాకు పన్నులతో కలిపి 236 డాలర్లు పడింది. పక్కనే డైనర్. శాకాహారం అంటే గ్రిల్డ్ చీజ్, ఫ్రైస్ అంతే, కానీ వేడిగా, ప్రేమగా పెట్టారు. ఊళ్ళో పసిఫిక్ యుద్ధం మ్యూజియం ఉంది, ఆ యుద్ధంలో అమెరికా పసిఫిక్ నౌకాదళాన్ని నడిపిన అడ్మిరల్ నిమిట్జ్ పుట్టిన ఊరు ఇది, సగం రోజు పెట్టుకుని చూడండి. సాయంత్రం నాన్న కుర్చీ వేసుకుని విమానాలు దిగడం చూస్తూ కూర్చున్నారు. ప్రతి ల్యాండింగుకీ ఒక మాట. "వీడు తొందరపడ్డాడు." "వీడు బాగా దించాడు." అన్నీ కరెక్టే చెప్పారు.

శుక్రవారం మార్ఫా. 265 నాటికల్ మైళ్ళు, పడమటి గాలి ఎదురు. మధ్యలో ఒక చిన్న ఊళ్ళో ఆగాం. ఎయిర్‌పోర్ట్‌లో ఒక్క మనిషి లేడు. చిన్న గది, తలుపు గడియ వేసి లేదు, లోపల ఫ్రిజ్‌లో నీళ్ళ సీసాలు, గోడకు మేకు, మేకుకు కారు తాళం చెవి. పక్కన నోట్‌బుక్కు: పేరు, విమానం నంబరు, ఎన్నింటికి తీసుకెళ్ళారు, ఎన్నింటికి తెచ్చారు. బయట పాత పోలీసు ఫోర్డ్ క్రౌన్ విక్టోరియా. దీన్నే క్రూ కార్ అంటారు, ఊళ్ళోకి వెళ్ళి భోంచేసి రమ్మని ఊరివాళ్ళే పైలట్లకి ఉంచుతారు. అద్దె లేదు. నాన్న ఆ తాళం చెవి చేతిలో పెట్టుకుని గదంతా చూశారు. "ఎవరినీ అడగక్కర్లేదా?" అన్నారు. అక్కర్లేదు, తిరిగొచ్చేటప్పుడు కాస్త గ్యాస్ (పెట్రోల్) కొట్టించి పెట్టడం మర్యాద. ఊళ్ళో బీన్స్ టాకోలు తిన్నాం, ముగ్గురికీ 31 డాలర్లు, కారులో 10 డాలర్ల గ్యాస్ కొట్టించాం. బయల్దేరే ముందు నాన్న ఆ నోట్‌బుక్కులో మా పేర్ల కింద తెలుగులో ఆయన సంతకం పెట్టారు. ర్యాంపు ఫీజు సున్నా, హ్యాండ్లింగ్ (విమానాన్ని చూసుకున్నందుకు వేసే ఛార్జీ) సున్నా.

మార్ఫా ఎయిర్‌పోర్ట్ 4,849 అడుగుల ఎత్తున ఉంది. మనవాళ్ళెవరైనా వెళ్తే ఇది గుర్తుపెట్టుకోండి. మేం దిగినప్పుడు 27 డిగ్రీలు, ఆ ఎండకి విమానానికి అది 7,400 అడుగుల ఎత్తున్నట్టే, ఇంజిన్‌కీ రెక్కలకీ గాలి పలచనైపోతుంది. ఎండాకాలం మధ్యాహ్నం 35 డిగ్రీల్లో అయితే 8,400 దగ్గరికి పోతుంది. కాబట్టి అక్కడి నుంచి తిరిగి లేవడం పొద్దున్నే పెట్టుకోవాలి, బరువు తగ్గించుకోవాలి. ఇంకొకటి, ఊరికి పడమర సరిహద్దు నిఘా కోసం తాడుకు కట్టి ఎగరేసే రాడార్ బెలూన్ ఉంటుంది. ఆ తాడు కంటికి కనపడదు. పైలట్లు చూసే మ్యాపులో (చార్ట్) అది వెళ్ళకూడని చోటుగా, రిస్ట్రిక్టెడ్ ఏరియాగా గీసి ఉంటుంది, దాని అంచుకి కూడా పోవద్దు.

మార్ఫాలో మేం దిగిన లాడ్జింగ్ మాత్రం వద్దు. పేరు రాయను. ఫొటోలు చూసి బామ్మర్ది బుక్ చేశాడు, రాత్రికి 274 డాలర్లు, రెండు రాత్రులు. బాత్రూం గది బయట, ముప్ఫై అడుగుల అవతల, నలుగురికి కలిపి ఒకటి. రాత్రి చలికి నాన్న శాలువా కప్పుకుని టార్చి పట్టుకుని రెండుసార్లు వెళ్ళొచ్చారు. ఆయన ఒక్క మాట అనలేదు కానీ బామ్మర్ది సిగ్గుపడిపోయాడు, "మావయ్యగారూ, ఇంకోచోటికి మారుదామా" అని అడుగుతూనే ఉన్నాడు. పెద్దవాళ్ళతో వెళ్తే పక్కనున్న ఆల్పైన్‌లో మామూలు మోటెల్ తీసుకోండి. మేం అద్దె కారు కూడా ఆల్పైన్ నుంచే మాట్లాడుకున్నాం, రోజుకు 94.

ఆ చలినీ ఆ బాత్రూంనీ మరిపించింది మెక్‌డొనాల్డ్ అబ్జర్వేటరీ. మార్ఫా నుంచి ఫోర్ట్ డేవిస్ మీదుగా కారులో వెళ్ళాలి. మంగళ, శుక్ర, శనివారాల్లో రాత్రిపూట టెలిస్కోపుల్లో ఆకాశం చూపించే స్టార్ పార్టీ పెడతారు, ముందే బుక్ చేసుకోవాలి. వెన్నెల లేని రాత్రి చూసుకుని వెళ్ళాం. టెలిస్కోప్‌లో శని గ్రహం చూపించారు. 2025లో దాని వలయాలు మన వైపు అంచుకి తిరిగి ఉన్నాయి, పళ్ళెం పక్క నుంచి చూసినట్టు, గుండ్రటి గింజకు సన్నని సూది గుచ్చినట్టు కనపడింది. నాన్న చూసి వెనక్కి వచ్చి మళ్ళీ లైన్లో నిలబడ్డారు. మూడుసార్లు చూశారు. శనివారం శనిని చూడాల్సిందని తర్వాత అన్నారు, మేం వెళ్ళింది శుక్రవారం.

ఆదివారం పొద్దున 12 డిగ్రీల్లో లేచాం, విమానం హాయిగా ఎక్కింది. ఒక గంట దాటాక గాలి మారింది. ఈశాన్యం నుంచి ఎదురుగాలి, 20 నాట్లు (గంటకు 37 కిలోమీటర్లు), పైగా కుదుపులు. బామ్మర్ది ముఖం పాలిపోయింది, మాట్లాడటం మానేశాడు. వెనక సీటు నుంచి నాన్న అతని భుజం మీద చెయ్యి వేసి "బాబూ, దూరంగా ఆ అంచు కేసి చూడు, కిందికి చూడకు" అంటున్నారు, ఘాట్ రోడ్ల మీద ఎంతమందికి చెప్పి ఉంటారో. ఇక ఆగక తప్పలేదు. దగ్గర్లో ఉన్నది కంట్రోల్ టవర్ ఉన్న ఒక పెద్ద ఊరి ఎయిర్‌పోర్ట్. అక్కడ విమానాలకు సేవలందించే కంపెనీ ఒక్కటే.

మేం ఆగీ ఆగకముందే ఇద్దరు కుర్రాళ్ళు వచ్చి చక్రాలకు చెక్కలు పెట్టారు. లోపల తోలు సోఫాలు. బామ్మర్ది బాత్రూంకి పోయాడు, నాన్న సోఫాలో కూర్చున్నారు. నేను 10 గాలన్లు చాలన్నాను, డెంటన్‌లో దిగాక కూడా గంటసేపటి ఫ్యూయల్ రిజర్వుగా మిగలాలని. గాలన్ 8.95. మార్ఫాలో ఆరు డాలర్ల లోపు. కౌంటర్లో అమ్మాయి నా వైపు చూసి, జెట్ వాళ్ళు వస్తున్నారు, ఆ పెద్దాయన్ని అటు కుర్చీల్లోకి మారమని చెప్పండి అంది. నాన్నకి ఇంగ్లీషు అంతగా రాదు, కానీ ఆ వేలు ఎటు చూపించిందో అర్థమైంది. నేను నోరు తెరిచే లోపే లేచి టోపీ చేత్తో పట్టుకుని గోడ పక్కకి వెళ్ళి నిలబడ్డారు. కూర్చోలేదు. అప్పటికి ఆ సోఫాల్లో ఇంకెవరూ లేరు.

తర్వాత బిల్లు. హ్యాండ్లింగ్ 85, ఫెసిలిటీ 30, సెక్యూరిటీ 15. ఫ్యూయల్ 89.50. మొత్తం 219.50. ఇవేంటని అడిగితే, 20 గాలన్లు పోయించుకుంటే హ్యాండ్లింగ్ ఉండదు అంది. పోయించే ముందు చెప్పొచ్చు కదా అంటే, మీరు అడగలేదు అంది. ఆ 10 గాలన్లకి మా క్లబ్బు వాళ్ళ రేటు ప్రకారం 56 డాలర్లే తిరిగి ఇస్తుంది, మిగతాది మాదే. నాన్న రూపాయల్లో లెక్కేశారు. "స్టాండులో బండి ఆపినందుకు పదకొండు వేలారా?" అన్నారు, అంతే. డెంటన్ దాకా మళ్ళీ మాట్లాడలేదు.

ఫెడరల్ గ్రాంటు తీసుకున్న ఎయిర్‌పోర్ట్‌లు న్యాయమైన రేట్లకి, అందరినీ సమానంగా చూస్తూ సేవలు అందేలా చూడాలని ఆ గ్రాంటు షరతుల్లోనే ఉంటుంది. అందుకే ఎయిర్‌పోర్ట్ మేనేజర్‌కి బిల్లు కాపీతో ఉత్తరం రాశాను. సోఫా సంగతి కూడా రాశాను. మీరు మాత్రం ముందే ఫోన్ చేసి అడగండి: ర్యాంపు ఫీజు ఎంత, ఏయే పేర్లతో వేస్తారు, ఎన్ని గాలన్లకి మాఫీ. ఊరికే "ఫీజు ఉందా" అంటే లేదనే చెబుతారు, విడివిడిగా అడగాలి. ఫ్యూయల్ అక్కర్లేకపోతే ఇంకో ఇరవై మైళ్ళు పోయి చిన్న ఊళ్ళో దిగండి. బామ్మర్ది ఇంకో పది నిమిషాలు ఓర్చుకునేవాడు, నేనే కంగారుపడ్డాను.

మొత్తం ఎగిరింది 8.8 గంటలు, విమానం అద్దె 1,628 డాలర్లు. అంతా నేనే ఇస్తాను బావా అని బామ్మర్ది పట్టుబట్టాడు, లాడ్జింగ్ విషయంలో బాధ ఇంకా పోలేదు. కుదరదు. ప్రైవేట్ లైసెన్సు ఉన్న పైలట్ తన వాటా తప్పకుండా కట్టాలి, ముగ్గురుంటే మూడో వంతు, 542.67 తగ్గకూడదు. రూల్ అది, సొంతవాళ్ళయినా అంతే.

డెంటన్‌లో దిగి తాళ్ళు కడుతుంటే నాన్న మొదటిసారి నోరు విప్పారు. "కేఎంపీఎల్ ఎంతొచ్చిందిరా?" 1,600 కిలోమీటర్లకి 300 లీటర్లు అయ్యాయని చెప్పాను. జేబులోంచి చిన్న పుస్తకం తీసి భాగించారు. 5.3. "మా ఎక్స్‌ప్రెస్ బండీ అంతే ఇచ్చేది" అన్నారు, దాని కింద తేదీ వేసి రెండు గీతలు గీశారు.

ఉత్తరానికి మూడు వారాలైనా జవాబు లేదు, రెండోది పంపాను. నాన్న ఫిబ్రవరిలో వెళ్ళిపోతారు. ఈలోగా జనవరిలో ఒక వారాంతానికి ఫ్రెడరిక్స్‌బర్గ్‌లో రెండు రాత్రులు బుక్ చేశాను. బామ్మర్ది కూడా వస్తానన్నాడు, పొద్దున పదింటి లోపు, కుదుపులు మొదలవకముందే దిగేటట్టయితే.