సాగర్‌లో శుక్రవారం

నాగార్జునకొండ మ్యూజియానికి శుక్రవారం సెలవు. మాకు ఎవరూ చెప్పలేదు కాబట్టి మీకు ముందే చెప్తున్నా.

ఫోన్‌లో గది మాట్లాడేటప్పుడే లాడ్జి మేనేజర్‌ను అడిగాను, "శుక్రవారం కొండకు పోవాలె, మ్యూజియం ఉంటది గదా?" అని. "బేఫికర్‌గా రండి సార్" అన్నాడు. రెండు రాత్రులకు ఏసీ గది, రోజుకు 1,800, ముందే కట్టించుకున్నాడు. గురువారం రాత్రి హిల్ కాలనీలో దిగాక ఏసీ రిమోట్‌కు ఇంకో 300 అన్నాడు. వేణ్నీళ్లు బకెట్ 40. అత్తమ్మ దుప్పటి వాసన చూసి పక్కకు నెట్టి, సంచిలోంచి పాత చీర తీసి కప్పుకుంది. మా ఆవిడ తెల్లారేదాకా నాతో మాట్లాడలేదు.

పొద్దున సెలవు సంగతి బయటపడింది. జలాశయంలో ఊళ్లు మునిగేముందు తవ్వి తీసి దీవి మీద దాచిన ఇక్ష్వాకుల కాలపు శిల్పాలు చూపిస్తానని అత్తమ్మను నెల నుంచి ఊరిస్తున్నా. మేనేజర్‌ను నిలదీస్తే, "సెలవని చెప్తే మీరు రాకపోదురు గద సార్" అని నవ్వాడు. రెండో రాత్రి డబ్బుల్లో పైసా వెనక్కివ్వలేదు.

డ్యాం 26 గేట్లలో ఒక్కటీ ఎత్తి లేదు, జనవరిలో ఎందుకు ఎత్తుతారు! సాగర్‌లోనే ఉన్న బౌద్ధ థీమ్ పార్కు బుద్ధవనం బాగుంది. కానీ 274 ఎకరాలు. మోకాళ్ల నొప్పులుంటే అంతా తిరగకండి, నేరుగా మహాస్తూపానికి పొండి. సాయంత్రం పంతం కొద్దీ బస్సెక్కి నల్లగొండ వచ్చేశాం. అక్కడ గది 900, వేణ్నీళ్లు ఊరికే.

శనివారం పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం. పోను రాను ఆటోకు 300 అడిగి 220కి దిగాడు, గంటసేపు ఆగాడు కూడా. కుందూరు చోళుల నాటి గుడి, మూడు గర్భగుళ్లు. ఒకదాంట్లో లింగం వెనక స్తంభం నీడ నిలబడి ఉంటుంది. పొద్దు తిరిగినా అది కదలదు. ఆ నీడ ఏ స్తంభానిదో తేల్చాలని అత్తమ్మ మోకాళ్లు మరిచిపోయి మంటపమంతా తిరిగింది. "ఇదే" అని ఒకటి పట్టుకుంటే, "కాదమ్మా, అది" అని మా ఆవిడ ఇంకోటి చూపించింది. ఆటో అతను రెండుసార్లు హారన్ కొట్టాడు. హైదరాబాద్ బస్సులో ఎల్బీనగర్ దాకా తల్లీకూతుళ్లకు స్తంభాల గొడవే.