కీమా దోశ సూపర్, కానీ బయట టేబుళ్ళ దగ్గర ఆ సిగరెట్ పొగ ఆపండి

మాదాపూర్‌లో మా ఆఫీస్ దగ్గరున్న ఒక ఓపెన్ కెఫే గురించి రాస్తున్నా, పేరు పెట్టట్లేదు ఎందుకంటే ఆ లైన్‌లో ఇంకో మూడు చోట్ల కూడా ఇదే చూశాను. మొన్న ఆదివారం నాన్న ఖమ్మం నుంచి వచ్చారు, ఆయనకి ఆస్తమా, ఏసీలో కూర్చుంటే దగ్గొస్తదని బయట సీటింగే అడిగాం.

ముందు తిండి గురించి చెప్తా. కీమా దోశ నిజంగా చాలా బాగుంది, అంచులు కరకరలాడుతూ, కీమాలో నూనె తేలకుండా, పుదీనా ఘాటు సరిగ్గా ఉంది. ఫిల్టర్ కాఫీ కూడా చిక్కగా ఇచ్చారు. నాన్న రెండో దోశ చెప్పమన్నారు, ఆయన బయట తిండి రెండోసారి అడగడం నేనైతే ఎప్పుడూ చూడలేదు.

ఆ రెండో దోశ వచ్చేలోపు పక్క టేబుల్ మీద నలుగురు కుర్రాళ్ళు వెలిగించారు. పైన ఫ్యాన్ తిరుగుతుంటే పొగంతా మా ప్లేట్ల మీదకే, బూడిద రేణువులు చట్నీ గిన్నెలో పడటం కళ్ళారా చూశా. నాన్న ఏమనకుండా కర్చీఫ్ మూతికి అడ్డం పెట్టుకున్నారు, రెండు నిమిషాలకి జేబులోంచి ఇన్హేలర్ తీశారు. నేను లేచి "తమ్ముడూ, నాన్నకి ఆయాసం, కొంచెం అవతలకి వెళ్ళి తాగుతారా" అంటే "సారీ అన్నా, చూస్కోలేదు" అని నలుగురూ వెంటనే ఆర్పేశారు. వాళ్ళ తప్పు కాదండీ, ప్రతి టేబుల్ మీద యాష్ ట్రే పెట్టింది కెఫే వాళ్ళే కదా!

మేనేజర్‌ని అడిగితే "ఓపెన్ ఏరియా సార్, నో స్మోకింగ్ లోపలికే" అన్నాడు. పైన రేకులు, మూడు వైపులా తడికలు, నాలుగో వైపు పార్కింగ్, దీన్ని ఓపెన్ ఏరియా అని ఎలా అంటారు? ఇంటికొచ్చి రూల్స్ చదివా. 2003 పొగాకు చట్టంలో ఓపెన్ స్పేస్‌కి మినహాయింపు ఉన్న మాట నిజమే, కానీ 2008 అక్టోబర్ 2 నుంచి అమల్లోకొచ్చిన రూల్స్‌లో స్టేడియం, రైల్వే స్టేషన్, బస్టాప్ లాంటి జనం వచ్చే చోట్లు ఆ ఓపెన్ స్పేస్ కిందకి రావని రాశారు. బస్టాపే రానప్పుడు రేకులేసి దోశలమ్మే చోటు ఎలా వస్తుంది? స్మోకింగ్ నిషేధం ఉన్న చోట యాష్ ట్రే, అగ్గిపెట్టె, లైటర్ ఇవ్వకూడదు, గుమ్మం దగ్గర బోర్డు ఉండాలి, ఎవరికి కంప్లైంట్ చెయ్యాలో ఆ మనిషి పేరు కూడా అందరికీ కనిపించేలా పెట్టాలి. ఇక్కడ బిల్లింగ్ కౌంటర్ వెనకాల చిన్న స్టిక్కర్ ఒకటి ఉందంతే.

స్మోకర్స్‌కి చోటు వద్దని నేననట్లేదు. 30 సీట్లు, అంతకంటే ఎక్కువ ఉన్న రెస్టారెంట్‌కి విడిగా స్మోకింగ్ రూమ్ పెట్టుకునే వీలుంది, చుట్టూ గోడలు, దానంతటదే మూసుకునే తలుపు, పొగ బయటికి పోయే ఏర్పాటు ఉండాలి, అందులో సర్వీస్ చెయ్యకూడదని 2017లో కలిపారు. ఈ చివరిది నాకు బాగా నచ్చింది, ఎందుకంటే మాకు వడ్డించిన పిల్లోడికి ఇరవై ఏళ్ళుంటాయేమో, రోజంతా ఆ పొగలోనే ట్రేలు మోస్తున్నాడు, దాని గురించి ఎవరూ మాట్లాడరు. తాగినోళ్ళకి ఫైన్ 200 దాకా, కంప్లైంట్ చేసినా ఓనర్ పట్టించుకోకపోతే ఎంతమంది తాగితే అన్ని ఫైన్లు ఆయన మీద పడతాయి, ఇది చాలామంది ఓనర్లకి తెలీదనుకుంటా.

తిండికి 5కి 4.5, బయట సీటింగ్‌కి 1. పిల్లలతోనో పెద్దవాళ్ళతోనో వెళ్ళేవాళ్ళు పొద్దున ఎనిమిదిలోపు వెళ్ళండి, తర్వాత ఆఫీస్ బ్యాచ్‌లు వస్తాయి, ఖాళీ దొరకదు. నాన్న రెండో దోశ పార్సిల్ కట్టించి కార్‌లో తిన్నారు. యాష్ ట్రేలు తీసేసిన రోజు ఈ రేటింగ్ నేనే మారుస్తా.