ఉదయగిరి, భైరవకోన: రెండు ఉదయాలు కావలసిన యాత్ర

నెల్లూరు నుంచి ఉదయగిరి దుర్గాన్నీ, కొండలో తొలిచిన శివాలయాలున్న భైరవకోననూ ఒకే రోజులో చూసి రావచ్చునని చాలామంది చెబుతారు. చూసి రావడం వరకైతే అది నిజమే. కానీ కెమెరాతో వెళ్లేవారికి రెండు చోట్లా కావలసింది పొద్దుటి వెలుగే కనుక, ఆ లెక్క కుదరదు.

కార్తీకంలో వానలు తెరిపి ఇచ్చాక, బుచ్చిరెడ్డిపాళెం, సంగం, ఆత్మకూరు మీదుగా సుమారు వంద కిలోమీటర్లు ప్రయాణించి, ఎండెక్కిన తరువాత ఉదయగిరి చేరాము. పేరులోనే ఉదయం ఉన్న కొండను మధ్యాహ్నం ఎక్కడం మా తెలివితక్కువతనం. దుర్గం ఎత్తు 3,079 అడుగులు. ఒకప్పుడు కొండమీద ఎనిమిది, కింద అయిదు, మొత్తం 13 కోటలు ఉండేవట. ఒడిశా నేలిన గజపతుల చేతిలో ఉన్న ఈ దుర్గాన్ని ఏడాదికి పైగా ముట్టడించి, 1514లో శ్రీకృష్ణదేవరాయలు గెలుచుకున్నారు. అంతకాలం ఎందుకు పట్టిందో చరిత్ర పుస్తకం కన్నా ఆ నిటారు రాతి చరియలే బాగా చెబుతాయి. రాయలు ఇక్కడి నుంచి తరలించి హంపీ కృష్ణాలయంలో ప్రతిష్ఠించిన బాలకృష్ణ విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. పొదలు కమ్మిన దారిలో సగం దూరం వెళ్లేసరికే మా నీళ్ల సీసాలు ఖాళీ అయ్యాయి. నడినెత్తి ఎండలో తీసిన బురుజుల ఫొటోల్లో రాయి, ఆకాశం రెండూ తెల్లగా పాలిపోయాయి. దారి తెలిసిన స్థానికుడు తోడు లేకుండా పైదాకా వెళ్లవద్దని నా సలహా.

బసే ఈ యాత్రలో బలహీనమైన అంశం. మేము దిగిన లాడ్జిలో దుప్పట్లు శుభ్రంగానే ఉన్నా, వేడినీళ్లు ఇస్తామని చెప్పి ఇవ్వలేదు, రాత్రంతా జనరేటర్ మోత. కుటుంబంతో వచ్చేవారు నెల్లూరులోనే బస చేసి, రెండుసార్లు రావడం మేలు.

అయినా అక్కడ పడుకున్నందువల్లే మర్నాడు సీతారామపురం మీదుగా చంద్రశేఖరపురం మండలంలోని భైరవకోనకు పెందలాడే చేరగలిగాము. ఒకే కొండ చరియలో తొలిచిన ఎనిమిది శివాలయాల్లో ఒక్కటి తప్ప తక్కినవన్నీ తూర్పు ముఖంగా ఉండడంతో, ఏటవాలుగా పడిన లేత ఎండలో ద్వారపాలకుల కిరీటాలు, నడుము పట్టీల మడతలు ఒక్కొక్కటిగా తేలివచ్చాయి. ఫ్లాష్ అవసరమే రాలేదు. గంట గడిచాక అవే బొమ్మలు చదునుగా కనిపించాయి. పక్కనే ఉన్న జలపాతం వానల తరువాత నిండుగా దూకుతోంది. వేసవిలో వెళితే మాత్రం దాన్ని లెక్కలో పెట్టుకోకూడదు. కార్తీక పౌర్ణమి నాటి వెన్నెల ఇక్కడి దుర్గాంబ విగ్రహం మీద పడుతుందని చెబుతారు, ఆ రోజు రద్దీకి సిద్ధపడే వెళ్లాలి. మంచినీళ్లు, ఫలహారం వెంట తెచ్చుకోవడమే క్షేమం.

తిరుగు దారిలో ఉదయగిరిలో ఆగి, భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) పొందిన ఇక్కడి చెక్క చెంచాలు, గరిటెలు కొన్నాము. నర్ది, బిక్కి వంటి అడవి కర్రతో చేసే ఈ గరిటెల పిడి మీద చెక్కడం పని చూశాక, బేరమాడాలనిపించలేదు. కొట్టు ముందు నిలబడితే దుర్గం కనిపిస్తూనే ఉంది. ఈసారి తెల్లవారక ముందే ఎక్కడం మొదలుపెట్టాలనీ, మనిషికి మూడు లీటర్ల నీళ్లయినా మోసుకుపోవాలనీ అక్కడే అనుకున్నాము.